నెలలు నిండినవాళ్ళు

పడవ విప్పేలోపల ఉష రెండుసార్లు దిగి సరుగుడు చెట్ల చాటుకు పోయి వచ్చింది. మూడోసారి దిగబోతుంటే అత్త కామమ్మ సంచీ మూతి బిగిస్తూ, "ఇంకేం మిగిలిందమ్మే లోపల? గాలి లేస్తా ఉండాది, కూర్చో" అంది.

ఉష పడవ అడ్డబల్ల మీద కూర్చుంది. కూర్చోవడం కూడా ఇప్పుడొక పనే. ముందు ఒక చెయ్యి బల్లకు ఆనించాలి, రెండో చెయ్యి పొట్ట కిందికి పోవాలి, తర్వాత మెల్లగా నడుము దించాలి. బిడ్డ కిందికి దిగిందని పోయిన వారం నర్సు చెప్పినప్పటినుంచీ ఊపిరి సులువుగానే ఆడుతోంది గానీ, కూర్చున్నా నిలబడినా తొడల మధ్య ఏదో బరువు వేలాడుతున్నట్టే ఉంది. పాదాలు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. డాక్టరు రాసిచ్చిన తేదీకి ఇంకా పద్దెనిమిది రోజులుంది. అయినా తుపాను వస్తోందనీ, నెలలు నిండినవాళ్ళెవరూ దీవిలో ఉండకూడదనీ, ఒడ్డు దాటి ఆసుపత్రిలో చేరాలనీ నిన్న ఆశా వర్కరు ఫోను చేసి చెప్పింది. ఆ దీవి ఊరు ఉప్పుదిబ్బలో ఉన్న డెబ్బై ఇళ్ళకూ నెలలు నిండింది ఉష ఒక్కతే.

మొగుడు పెంచల్ గెడ వేశాడు. లోతు లేని సరస్సు. గెడ దించిన ప్రతిసారీ అడుగున బురద పట్టుకుంటోంది, అతను ఒళ్ళంతా వెనక్కి వాల్చి పెరుకుతున్నాడు. మబ్బు కింద నీళ్ళు పాత సత్తుగిన్నె రంగులో ఉన్నాయి. ఎప్పుడూ నీటికి ఆ చివరా ఈ చివరా గుంపులుగా నిలబడే పక్షులు ఒక్కటీ కనిపించలేదు. ఉష వెనక్కి తిరిగి చూసింది. వాకిలి ఊడ్చి, దొడ్లో కుండలు బోర్లించి, బిడ్డకని దాచిన పాత గుడ్డలు రెండోసారి ఉతికి ఆరేసి వచ్చింది. నాలుగు రోజులుగా ఇల్లు ఊడవడమే పనైపోయింది. ఎంత ఊడ్చినా ఇంకా ఊడవాలనిపిస్తోంది. "కాన్పు దగ్గరపడిందంటే అంతే" అని పక్కింటామె నవ్వింది.

ఒడ్డు చేరాక పెంచల్ మోకాటి లోతు బురదలో దిగి ఉషను రెండు చేతులా ఎత్తి గట్టుమీద దించాడు.

"నువ్వు కూడా ఉండొచ్చు గదా" అంది ఉష.

"పడవలు లాగి కట్టాల. వలలన్నీ ఇంట్లోకి ఎత్తాల. ఆడ నాయన ఒక్కడే ఉండాడు. గాలి పోయినాక వస్తాలే."

"గాలి ఎప్పుడు పోతాది?"

"నన్నడిగితే?" అని నవ్వి, తడిచెయ్యి లుంగీకి తుడుచుకుని ఆమె పొట్టమీద పెట్టాడు. లోపలినుంచి మడమో మోచెయ్యో ఒకటి వచ్చి అరచేతిని నెట్టి పక్కకు జరిగింది. పెంచల్ నవ్వు ఆగిపోయింది. చెయ్యి అక్కడే ఉంచి అలాగే నిలబడ్డాడు.

"చాల్లే, ఆటో వాడు అరస్తా ఉండాడు" అంది కామమ్మ.

ఆటో మలుపు తిరిగేదాకా ఉష తల బయటపెట్టి చూస్తూనే ఉంది. అతను చెయ్యి ఊపలేదు. రెండు చేతులూ గెడమీదే ఉన్నాయి.

వార్డులో పన్నెండు మంచాలు. తీరంలోని ఊళ్ళన్నిటినుంచీ నెలలు నిండినవాళ్ళను తెచ్చి చేర్చారు. దాదాపు ప్రతి మంచం దగ్గరా ఒక తల్లి ఉంది. కాళ్ళు పిసికే తల్లి, తల దువ్వే తల్లి, తినమని బతిమాలే తల్లి, తినలేదని తిట్టే తల్లి. ఉష తల్లి పోయి ఏడేళ్ళయింది. మారుతల్లికి ఫోను చేస్తే, "తుపాను పోనీమ్మా, చూద్దాం" అంది. తొలికాన్పు పుట్టింటివాళ్ళు చెయ్యాలన్న మాట కామమ్మ ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తనందుకు సంతోషించాలో, ఏమీ పట్టనట్టుండే ఆ మౌనానికి బాధపడాలో ఉషకు తెలియలేదు. కామమ్మ మంచం కింద చాప పరుచుకుంది. ఖాళీగా కూర్చోవడం చేతగాక చిరిగిన వలముక్క ఒకటి సంచీలో వేసుకొచ్చింది. ఇప్పుడు దాన్ని కాలి బొటనవేలికి తగిలించి, సూదితో కన్నుకొక ముడి వేస్తోంది. వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతుంటే చూపు మాత్రం వార్డంతా తిరుగుతోంది.

మర్నాడు పొద్దున రౌండుకు ఆనందకుమారి సిస్టర్ వచ్చింది. లావుపాటి మనిషి, గొంతు పెద్దది. వార్డు మధ్యలో నిలబడి అందరికీ వినబడేలా చెప్పింది.

"నొప్పొస్తే లేచి నడవండి. నడిస్తే తగ్గిపోయిందా, అది దొంగనొప్పి. నడిచినా తగ్గకుండా, దగ్గర దగ్గరగా వస్తా, వచ్చినప్పుడల్లా గట్టిపడితే అది అసలుది. జిగురుగా కొంచెం నెత్తురుచారతో పడితే హడలిపోవద్దు, వచ్చి చెప్పండి. ఉమ్మనీరు పోతే మటుకు గుడ్డ మార్చుకుని కూర్చోవద్దు, అప్పటికప్పుడు చెప్పాల. ఇంకోటి. అన్నం తిన్నాక ఎడమవైపు తిరిగి పడుకుని బిడ్డ కదలికలు లెక్కబెట్టుకోండి. రెండు గంటల్లో పదన్నా ఉండాల. తగ్గితే నిద్రపోతా ఉండాదిలే అనుకోవద్దు. తెలిసిందా?"

అందరూ తలలూపారు. కిటికీ పక్క మంచం మీదున్న పిల్ల మాత్రం వేళ్ళు మడిచి, పెదవులు కదిలిస్తూ విన్నదంతా కంఠస్థం చేస్తోంది. ఇరవై ఏళ్ళుంటాయేమో. మంచం కింద చాప లేదు. చాపమీద మనిషీ లేదు. తలదగ్గర ఒక ప్లాస్టిక్ కవరు, అందులో తల్లీబిడ్డల కార్డు, రెండు నైటీలు, చేతిలో ఫోను. అంతే. పేరు అబిగయీలు. విడవలూరు దగ్గర పల్లె. శివ అనే పిల్లవాణ్ణి ఇష్టపడి వచ్చేసిందనీ, రెండు ఇళ్ళ తలుపులూ మూసుకున్నాయనీ, ఈ టౌనులోనే రేకులగదిలో ఉంటున్నారనీ, అతను చెన్నై బోట్లో వేటకు పోయి ఉంటే ఆశా వర్కరే తెచ్చి చేర్చిందనీ గంటలోపల వార్డంతా తెలిసిపోయింది.

"పురిటికి ఒక్కరూ రాలేదంటే ఊరికే ఉంటాదా?" అంది ఎదుటి మంచం పేరమ్మ, గొంతు తగ్గించినట్టు నటిస్తూ. కూతురికి కాన్పుకని డబ్బానిండా సున్నుండలు చేసుకొచ్చిందామె. మధ్యాహ్నం మూత తీసి మంచం మంచానికీ పంచింది. ఉష దగ్గరికొచ్చి రెండు పెట్టింది. కిటికీ పక్క మంచం దగ్గర అడుగు కూడా నెమ్మదించకుండా దాటి అవతలి మంచానికి పోయింది.

అబిగయీలు ఫోను వైపు చూస్తున్నట్టు తల వంచుకుంది. ఫోనులో వెలుగు లేదు.

ఉష ఒక సున్నుండ తీసుకుని లేవబోయింది. కింద వల అల్లుతున్న చేతులు ఆగాయి.

"నీకెందుకు? ఎవురి బతుకు వాళ్ళది. తిని పడుకో" అంది కామమ్మ.

ఉష తినలేదు, పడుకోలేదు. లేచి నాలుగడుగులు నడిచి ఆ సున్నుండ అబిగయీలు చేతిలో పెట్టింది. వెనక సూది మళ్ళీ నడిచిన చప్పుడు వినిపించింది. 

ఆ సాయంత్రం ఉషకు నడుములో మొదలై పొత్తికడుపు దాకా పట్టేసినట్టయింది. అసలు నొప్పే అనుకుంది. అబిగయీలే లేపి వరండాలోకి తీసుకుపోయింది. ఇద్దరూ పొట్టలు ముందుకేసుకుని, నడుములమీద చేతులు పెట్టుకుని, ఆ చివరినుంచి ఈ చివరికి పది చాళ్ళు నడిచారు. నొప్పి జారిపోయింది.

"దొంగనొప్పే అక్కా" అంది అబిగయీలు. ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వితే ఇద్దరికీ ఒకే పని పడింది. వంతులవారీగా బాత్రూముకు పోయి వచ్చారు.

వరండా గట్టుమీద కూర్చుని ఉష పెంచల్‌కు ఫోను చేసింది. దీవిలో టవరు పోయినట్టుంది, కలవలేదు. ఆ గొంతు వినాలన్న ఆశ నోట్లో నీరూరినట్టు ఊరి ఆగిపోయింది.

"మీ ఆయన చేసినాడా?" అని అడిగింది.

"బోట్లన్నీ దగ్గర్లో ఉన్న రేవుకి రమ్మన్నారంట. ఆ తర్వాత ఫోను లేదు." అబిగయీలు చేతిలో ఫోను తిప్పుతూ, "మా అమ్మకి చేస్తా ఉంటా అక్కా. రోజూ" అంది.

"ఎత్తదా?"

"ఎత్తుతాది. ఎత్తి ఏం మాట్లాడదు. నేను అన్నం తిన్నానని చెప్తా, కాళ్ళు వాచినాయని చెప్తా. ఊపిరి వినిపిస్తా ఉంటాది. పెట్టేయదు కూడా. నేను పెట్టేసేదాకా అట్లనే ఉంటాది."

 ఊపిరైనా వినబడే తల్లి ఉంది కదా ఈ పిల్లకు, అనుకుంది ఉష. అనుకున్నందుకు సిగ్గుపడింది.

మూడోరోజు తెల్లవారేసరికి వాన పట్టుకుంది. కిటికీ రెక్కలు కొట్టుకుంటుంటే తాళ్ళతో కట్టారు. ఉషకు మళ్ళీ నడుములో మొదలైంది. దొంగనొప్పేలే అని వరండాలో నడిచింది. తగ్గినట్టే తగ్గి, అరగంటకు మళ్ళీ వచ్చింది. ఎవరికీ చెప్పలేదు.

తిరిగొచ్చేసరికి అబిగయీలు ఎడమవైపు తిరిగి పడుకుని ఉంది. పళ్ళెంలో ఉప్మా ముట్టుకోలేదు. మడిచిన వేళ్ళు రెండే.

"ఎంతసేపట్నుంచి?" అంది ఉష.

"ఏడింటినుంచి." గోడ గడియారంలో తొమ్మిదిన్నర. "నిన్న సాయంత్రం కూడా తక్కువే కదిలినాడు. వానకి నిద్రపోతా ఉండాడేమో అక్కా."

"సిస్టర్ ఏం చెప్పింది? పోయి చెప్పు."

అబిగయీలు ఉష చెయ్యి పట్టుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. "వద్దక్కా. ఆపరేషనంటారు. నీ వాళ్ళెవరంటారు. అందరి ముందూ ఎవరూ లేరని చెప్పాల. కాసేపు చూద్దాం. కదుల్తాడు."

ఉష ఆ పొట్టమీద చెయ్యి పెట్టింది. తన కడుపులో ఒకటి తంతూనే ఉంది. చెయ్యి కింద మాత్రం ఏ కదలికా లేదు. రాయిమీద పెట్టినట్టుంది. కాసేపు చూద్దామన్న మాట ఉషకూ రుచించేదే. తను పోయి చెప్పాక ఏదన్నా జరిగిపోతే ఆ నింద మోయాల్సింది తను కూడా కదా. అయినా ఉష చెయ్యి విడిపించుకుని, పొట్ట పట్టుకుని, వాచిన పాదాలతో వీలైనంత వేగంగా సిస్టర్ గదివైపు నడిచింది.

సిస్టర్ మిషను పెట్టి బిడ్డ గుండె వింది. మళ్ళీ వింది. డాక్టరమ్మను పిలిచింది. డాక్టరమ్మ విని, "థియేటర్ రెడీ చెయ్యండి" అంది. గొంతులో తొందర లేదు గానీ అడుగుల్లో ఉంది.

"సంతకం నువ్వే పెట్టమ్మా, చాలు" అంది ఆనందకుమారి సిస్టర్, అబిగయీలు తల నిమురుతూ. "కానీ బిడ్డను అందుకోడానికి బయట ఒక మనిషి కావాల. ఎవరున్నారు?"

అబిగయీలు పైకప్పు వైపు చూసింది. వార్డులో మిగిలిన పదకొండు మంచాలూ, వాటి పక్కనున్న తల్లులూ విన్నారు. పేరమ్మ డబ్బా మూత గట్టిగా ఉందో లేదో చూసుకుంది.

కామమ్మ కాలి బొటనవేలి నుంచి వల తీసింది. చుట్టి సంచీలో కుక్కింది. లేచి కొంగు దులుపుకుంది.

"నేను వస్తా పదండి."

"మీరు ఈమెకు ఏమవుతారు?"

"ఏమవతానా?" కామమ్మకు కోపం వచ్చింది. "తల్లినని రాసుకో. తొందరగా రాసుకో."

ఆ మాట ఉష గుండెలో చేపముల్లులా దిగింది. పెళ్ళయి రెండేళ్ళు. కూర మాడిందన్న అత్త, ఇసక ఇంట్లోకి తెచ్చావన్న అత్త, ఎప్పుడూ ఏ పూటా ఆ మాట తనను ఉద్దేశించి అనలేదు. నిన్న సున్నుండ పెట్టొద్దన్న మనిషి ఈ రోజు ఈ పిల్లకు తల్లినంటోంది. స్ట్రెచరు పక్కన అబిగయీలు చెయ్యి పట్టుకుని నడిచిపోతున్న ఆ వీపును చూస్తుంటే, సరిగ్గా అప్పుడే, మళ్ళీ వచ్చింది నొప్పి. ఇది నడుము చుట్టూ తిరిగి ముందుకొచ్చి, బిగించి, చాలాసేపు వదల్లేదు.

అత్తా అని పిలవొచ్చు. తలుపు ఇంకా మూయలేదు. ఉష పిలవలేదు. పోనీ, తల్లిగా పోయింది గదా, పోనీ, అనుకుంది. కళ్ళు మండాయి.

వరండాలోకి వచ్చి నడిచింది. వాన జల్లు లోపలికి కొడుతోంది. ఇరవై నిమిషాలకొకటి. తర్వాత పదిహేను. ఒకసారి థియేటరు తలుపు దగ్గర స్తంభం పట్టుకుని నిలబడ్డప్పుడు, ఆపరేషనుకు సిద్ధం చేసే ముందుగదిలోంచి కామమ్మ గొంతు వినిపించింది. ఉష ఎరిగిన కటువైన గొంతే. "భయపడబాక. నేనీడ్నే ఉండా గదా. నా కొడుకు పుట్టినప్పుడు మా అమ్మ ఆ ఒడ్డున మూడు దినాలు కూర్చునింది, గాలికి పడవ రాక. ఎవురో ఒకామె నా చెయ్యి పట్టుకునింది. ఆమె పేరు గూడా నాకు తెలీదు. పట్టుకో గట్టిగా. ఇంకా గట్టిగా పట్టుకో, ఏం ఇరగదు."

ఉష స్తంభం పట్టుకునే నిలబడింది. నొప్పి వచ్చింది, పోయింది. ఈసారి ఆమె పిలవనిది అలిగి కాదు. ఆ చెయ్యి ఇప్పుడు అక్కడే ఉండాలి. తను ఇంకాసేపు నడవగలదు.

కామమ్మ బయటికొచ్చేసరికి పదకొండు దాటింది. చేతుల్లో గుడ్డమూట. మూటలో, వానలో తడిసిన పిల్లిపిల్లలాంటి ముఖం. వార్డులోకి వచ్చి ఉష పక్కన కూర్చుంది.

"ఆడబిడ్డ. పేగు మెడకు చుట్టుకునింది. ఇంకొంచెంసేపుంటే దక్కేది కాదంట. ఎవరు చెప్పినారని అడిగింది డాక్టరమ్మ. నా కోడలే అన్నా." అంటూనే కొంగులోంచి ఫోను తీసింది. "ఇదేందో నాకు చేతగాదు. ఆ పిల్ల ఇచ్చింది. వాళ్ళమ్మకి కొట్టు."

చేసిన ఫోన్ల వరసలో అమ్మ అన్న పేరు పైనే ఉంది. దానికింద మళ్ళీ అమ్మ. మళ్ళీ అమ్మ. ఉష నొక్కి స్పీకరు పెట్టింది. రెండోసారి మోగగానే ఎత్తారు. మాట లేదు. ఊపిరి మాత్రం వినిపించింది.

"నేను కామమ్మను" అంది కామమ్మ, ఫోనుకు దగ్గరగా వంగి, అవసరానికి మించి గట్టిగా. "నన్ను నువ్వెరగవు. నీ కూతురికి ఆపరేషనైంది. ఆడబిడ్డ. ఇద్దరూ బాగుండారు. వింటా ఉండావని నాకు తెలుసు."

అవతల ఏమీ లేదు. ఇంతలో గుడ్డమూట నోరు తెరిచి, చిన్నగా, కోపంగా ఏడ్చింది.

"ఎంత బరువుంది?" అంది ఫోనులోంచి ఒక ఆడగొంతు. ఎన్నాళ్ళో వాడనట్టు బొంగురుగా ఉంది.

"రెండు కేజీల ఆరొందలు."

"అబీకి చలి పడదు. చెవులకు గుడ్డ కట్టండమ్మా..." మాట తెగింది. "ఏ ఆసుపత్రి? వాన తగ్గినాక బస్సులుంటాయా?"

కామమ్మ చెప్పింది. వెళ్ళేదారి చెప్పింది, ఏ బస్సు ఎక్కాలో చెప్పింది. చెప్పడం అయ్యేసరికి సిగ్నలు పోయింది. ఎంతవరకు విందో తెలియదు. అబిగయీలును వార్డులోకి తెచ్చాక మధ్యాహ్నం మళ్ళీ సిగ్నలు వస్తే, ఎవరిదో నంబరునుంచి శివ చేశాడు. బోటు కృష్ణపట్నం చేరిందట. దారులు తెరిస్తే రేపటికి వస్తాడట. చెవులకు గుడ్డ కట్టుకుని, మత్తుకళ్ళతో బిడ్డ ముఖమే చూస్తూ అబిగయీలు ఊఁ, ఊఁ అంటోంది. పేరమ్మ వచ్చి మంచం అంచున ఒక సున్నుండ పెట్టి పోయింది.

ఉష మంచం కడ్డీ పట్టుకుంది. వేళ్ళు తెల్లబడ్డాయి. కామమ్మ చూసింది.

"ఎప్పట్నుంచమ్మే?"

"పొద్దుట్నుంచి."

"పొద్దుట్నుంచా! పిలవలేదే?"

"నువ్వు ఆ పిల్ల దగ్గరుండావు గదత్తా."

కామమ్మ నోరు తెరిచింది. తిట్టు వస్తుందనుకుంది ఉష. రాలేదు. కామమ్మ గబగబా పోయి సిస్టర్‌ను తీసుకొచ్చింది. సిస్టర్ చూసి, "సగం దారి వచ్చేసినావు తల్లీ. ఇది దొంగది కాదు" అని నవ్వి, "రెండు జడలు వేసి లేబరు రూముకి తీసుకురండమ్మా" అని కామమ్మకు చెప్పి పోయింది.

కామమ్మ మంచమెక్కి ఉష వెనకాల కూర్చుంది. ముడి విప్పింది. సంచీలోంచి దువ్వెన తీసి, చిక్కులు పడినచోట వేళ్ళతోనే మెల్లగా విడదీసింది. వలదారాలు కోసి కోసి గరుకెక్కిన వేళ్ళు. జుట్టుకు తగులుకుంటున్నాయి గానీ లాగడం లేదు. పాపిడి తీసి, ఒకవైపు మూడు పాయలు చేసి, గట్టిగా, పొంకంగా అల్లుకుంటూ వచ్చి, చివర దారం కట్టింది. రెండోవైపు మొదలుపెట్టింది.

బయట గాలి పెద్దదైంది. ఆ గాలికి అవతల, నీళ్ళమధ్య, పెంచల్ పడవలకు తాళ్ళు బిగిస్తుంటాడు. అతనికి ఏమీ తెలియదు. అప్పుడు వచ్చింది నొప్పి, ఇప్పటిదాకా వచ్చినవన్నీ కలిసినంతది. ఉష ముందుకు వంగిపోయింది.

"అమ్మా!" అంది.

నొప్పికి ఎవరైనా అనేది అదే. పొద్దుటినుంచీ ఆ వార్డులో అందరూ అంటున్నదీ అదే. ఎవరూ జవాబు కోసం అనరు.

"ఆఁ" అంది కామమ్మ వెనకనుంచి. "ఉండా."

ఉష మెల్లగా వెనక్కి వాలింది. రెండో జడ ఇంకా సగమే అయింది.